వెతుకులాటకు పద్దు ఏది?

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా వైపు వాళ్ళు ముందుగా కూలిపోయిన కొబ్బరితోటల గురించి చెబుతారు. ఒక తరం సంపాదన ఒక్క రాత్రిలో నేలకొరిగింది కనుక అందులో ఆశ్చర్యం లేదు. అయితే ఆ రాత్రి గౌతమి పాయలు సముద్రంలో కలిసే చోట్ల ఉన్న భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళ నుంచి వేటకు వెళ్ళిన మగవాళ్ళు వందల సంఖ్యలో తిరిగి రాలేదు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. ఆ వారంలో మా నాన్నగారు పనిచేసే బడి తరఫున బియ్యం, దుప్పట్లు పంచడానికి బయలుదేరిన బృందంలో, అప్పటికి డిగ్రీ చదువుతున్న నేనూ ఉన్నాను. రేవు దగ్గర మాకు ఎదురువచ్చిన ఒక ముసలామె బియ్యం సంగతి ఎత్తలేదు. "ఎవరైనా ఎతకడానికెళ్ళారా బాబూ?" అని మాత్రం అడిగింది. మా నాన్నగారు ఏదో చెప్పబోయి, చెప్పలేక, ఆమె చేతిలో దుప్పటి పెట్టారు.

ముప్పయ్యేళ్ళు కావస్తున్నా నేను ఆ ప్రశ్న దగ్గరే ఉన్నాను. ఉద్యోగరీత్యా జమాఖర్చుల మధ్య బతికినవాణ్ణి కాబట్టి నాకు అది క్రమంగా ఒక లెక్కల ప్రశ్నగా మారింది. సముద్రంలో మనిషి తప్పిపోతే వెతకడానికి ఈ దేశం ఏ పద్దు కింద డబ్బు కేటాయిస్తోంది, ఎంత కేటాయిస్తోంది, ఆ డబ్బు ఏం సాధించిందో ఎవరికి జవాబు చెబుతోంది అన్నదే ఈ వ్యాసంలో నేను తేల్చుకోదలచిన విషయం.

మొదట జరిగిన మంచిని ఒప్పుకోవాలి. భారత తీర రక్షక దళం, అందరూ కోస్ట్‌గార్డ్ అని పిలిచే సంస్థ, 1977 ఫిబ్రవరి 1న తాత్కాలిక రూపంలో మొదలైంది. నౌకాదళం నుంచి తెచ్చుకున్న రెండు పాత యుద్ధనౌకలూ ఐదు గస్తీ బోట్లే అప్పటి ఆస్తి. అదే ఏడాది నవంబరు 19న దివిసీమ మునిగింది. ఆ రెంటికీ సంబంధం లేదు, కానీ నేను ఆ రెండు తేదీలను ఎప్పుడూ పక్కపక్కనే గుర్తుపెట్టుకుంటాను. 1978లో వచ్చిన కోస్ట్‌గార్డ్ చట్టం ఆ దళానికి అప్పగించిన విధులలో, ఆపదలో ఉన్న మత్స్యకారులకు సముద్రంలో సాయపడటం, సముద్రంలో ప్రాణాలకూ ఆస్తులకూ భద్రత కల్పించడం స్పష్టంగా ఉన్నాయి. ఇవాళ ఆ దళం దగ్గర 150కి పైగా నౌకలు, 70కి పైగా విమానాలూ హెలికాప్టర్లూ ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి పదకొండు వేలకు పైగా ప్రాణాలను కాపాడింది. ముంబయి, చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌లలోని రక్షణ సమన్వయ కేంద్రాలు రాత్రింబవళ్ళు పనిచేస్తాయి. 1554 అనే నంబరుకు ఫోను చేస్తే పలుకుతారు.

అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం గాలింపు, రక్షణ బాధ్యతగా భారతదేశం భుజాన పడిన సముద్ర ప్రాంతం సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్లు. మన మొత్తం భూభాగం 33 లక్షల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంటే కశ్మీరు నుంచి కన్యాకుమారి వరకు ఉన్న నేల కంటే దాదాపు నలభై శాతం పెద్దదైన నీటిలో, జాడ తెలియని ఒక బోటునో, అలల మీద తేలే ఒక తలనో వెతికి పట్టుకుంటామని మనం ప్రపంచానికి మాట ఇచ్చాం.

ఇక డబ్బు. 2025-26 కేంద్ర బడ్జెట్టులో కోస్ట్‌గార్డ్‌కు 9,676.70 కోట్ల రూపాయలు కేటాయించారు. అంతకు ముందటి ఏడాది తొలి అంచనా 7,651.80 కోట్లు. నాలుగో వంతుకు మించిన పెరుగుదల కాబట్టి పత్రికలు దాన్ని గొప్పగానే రాశాయి. మొత్తం రక్షణ మంత్రిత్వ శాఖ కేటాయింపు 6.81 లక్షల కోట్లలో ఇది వంద రూపాయలకు రూపాయిన్నర కూడా కాదు. అయినా నా ఫిర్యాదు ఆ రూపాయిన్నర గురించి కాదు. పెరిగిన మొత్తాన్ని విడదీసి చూస్తే కొత్త నౌకలు, విమానాల వంటి ఆస్తులు కొనే మూలధన వ్యయం 3,500 కోట్ల నుంచి 5,000 కోట్లకు పెరిగింది. అది 43 శాతం. జీతాలు, డీజిలు, మరమ్మతులు, శిక్షణ, విడిభాగాలు అన్నీ కలిసిన మిగతా ఖర్చు మాత్రం సుమారు 4,152 కోట్ల నుంచి 4,677 కోట్లకు, అంటే పన్నెండున్నర శాతం మేరకు పెరిగింది. కొత్త ఓడలు కావాలి, అందులో వాదన లేదు. ఓడను జాతికి అంకితం చేసే రోజున వేదిక ఉంటుంది, ఫొటోలు ఉంటాయి. అదే ఓడ అర్ధరాత్రి రెండు గంటలకు లంగరెత్తి తెల్లవారేదాకా ఒకే చతురస్రంలో తిరిగి తిరిగి ఎవరూ దొరక్కుండా వెనక్కి వస్తే, ఆ డీజిలు బిల్లుకు వేదిక ఉండదు. ప్రాణాలు నిలిచేది మాత్రం ఆ రెండో రకం ఖర్చు మీద.

ఇంతకీ ఆ ఖర్చులో గాలింపుకు ఎంత పోయిందో బడ్జెట్టు పుస్తకం చూసి చెప్పలేం. పద్దుల జాబితాలో కోస్ట్‌గార్డ్ సంస్థ అని ఒకే పేరు ఉంటుంది. స్మగ్లర్లను పట్టుకోవడం, చమురు తెట్టును తొలగించడం, పొరుగు దేశాల పడవల మీద నిఘా, తీర భద్రత, మునుగుతున్న బోటు దగ్గరికి పరుగెత్తడం అన్నీ ఆ ఒక్క మూటలోనే. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవాళ్ళు ఒక చేపల బోటును చేజిక్కించుకుని వచ్చాక ఈ మూట వేగంగా బరువెక్కింది. కొత్త స్టేషన్లు మంజూరయ్యాయి, రాడార్లు లేచాయి. ఇవన్నీ జరగవలసినవే. కానీ ఆ డబ్బును కదిలించింది ఒడ్డుకు రాని బోటు గురించిన దిగులు కాదు, ఒడ్డుకు వచ్చే బోటు గురించిన భయం. ఏ ఉద్దేశంతో డబ్బు వస్తే ఆ ఉద్దేశానికే లెక్క చెబుతారన్నది ఏ కార్యాలయంలో పనిచేసినవారికైనా తెలిసిన సంగతే. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2011లో కోస్ట్‌గార్డ్ పనితీరు మీద ఇచ్చిన నివేదికలో, ఆయుర్దాయం దాటినా తిరుగుతున్న నౌకల గురించి, మంజూరైనా మొదలుకాని స్టేషన్ల గురించి గట్టిగానే రాశారు. ఆ తర్వాత పరిస్థితి చాలా మెరుగుపడింది. అయినా, పిలుపు అందిన ఎంతసేపటికి మొదటి సాయం చేరింది అన్న ఒక్క కొలతను ఏటా పార్లమెంటు ముందు పెట్టాలన్న ఏర్పాటు నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ కొలత ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చెబుతాను. 2024 ఏప్రిల్ మొదటి వారంలో విశాఖపట్నానికి 65 నాటికల్ మైళ్ళ దూరంలో దుర్గాభవాని అనే మర పడవలో గ్యాసు సిలిండరు పేలి మంటలు లేచాయి. బోటు మునిగిపోయింది. అందులోని తొమ్మిది మందిని కోస్ట్‌గార్డ్ నౌక వీర బయటపడేసింది. వాళ్ళలో కొందరికి తీవ్రమైన కాలిన గాయాలున్నాయి. ఆ కబురును రేడియోలో ముందుగా చేరవేసింది దగ్గరలోని మరో చేపల బోటు. 65 నాటికల్ మైళ్ళంటే 120 కిలోమీటర్లు. గంటకు ఇరవై నాటికల్ మైళ్ళ వేగంతో వెళ్ళే ఓడ హార్బరు నుంచి బయలుదేరితే, కబురు అందడానికీ లంగరెత్తడానికీ పట్టే సమయాన్ని పక్కన పెట్టినా, మూడు గంటలు దాటుతుంది. ఓడ అప్పటికే సముద్రంలో గస్తీ తిరుగుతూ ఉంటే ఆ సమయం బాగా తగ్గుతుంది. అది ఆ రోజు గస్తీకి ఎన్ని ఓడలను సముద్రంలో ఉంచగలిగారు, వాటికి ఎంత డీజిలు ఇచ్చారు అన్నదాని మీద ఆధారపడుతుంది. ఒళ్ళు కాలి ఉప్పునీటిలో తేలుతున్న మనిషికి రక్షణ బడ్జెట్టు అంటే ఆ గంటల తేడాయే.

ఈ పనికి మనుషులు చెల్లిస్తున్న ధర కూడా ఉంది. 2024 సెప్టెంబరు 2 రాత్రి గుజరాత్‌లోని పోర్‌బందర్ తీరంలో ఒక ట్యాంకరు నౌక మీద గాయపడిన వ్యక్తిని తీసుకురావడానికి వెళ్ళిన కోస్ట్‌గార్డ్ హెలికాప్టరు సముద్రంలో పడిపోయి, నలుగురు సిబ్బందిలో ముగ్గురు చనిపోయారు. నాలుగు నెలలు తిరిగేసరికి, 2025 జనవరి 5న, అదే పోర్‌బందర్‌లో అదే రకం హెలికాప్టరు కూలి మరో ముగ్గురు పోయారు. దాంతో ఆ రకం హెలికాప్టర్లను నెలల తరబడి నేల మీద నిలబెట్టవలసి వచ్చింది. "వయం రక్షామః" అన్నది ఆ దళం నినాదం. మేము రక్షిస్తాం అని చెప్పుకునేవాళ్ళకు నమ్మదగిన యంత్రాలు, ఒకటి ఆగితే ఇంకొకటి అందుకునే ఏర్పాటు సమకూర్చడం డబ్బిచ్చేవాళ్ళ బాధ్యత.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. గస్తీ తిరిగేదీ రక్షించేదీ ఒకే ఓడ అయినప్పుడు, దాని డబ్బును రెండు పద్దులుగా రాయడం కాగితం పని తప్ప మరేమిటని అడగవచ్చు. ఓడలను విడదీయమని నేను అనడం లేదు. ఏ ఓడ ఏ రోజు ఎన్ని గంటలు గాలింపులో ఉంది, ఎంత ఇంధనం తాగింది, ఎన్ని విమాన గంటలు అందుకు పోయాయి అన్నది లాగ్‌బుక్కులో ఎలాగూ రాస్తారు. దాన్ని కూడి ఒక ఉపపద్దు కింద చూపించడానికి కొత్త దళం అక్కర్లేదు, ఒక గుమస్తా చాలు. అలా చూపించినప్పుడు ఏం జరుగుతుందో ఇటలీ ఉదాహరణ చెబుతుంది. 2013 అక్టోబరులో లాంపెడూసా దీవి దగ్గర 360 మందికి పైగా వలసదారులు మునిగిపోయాక ఇటలీ ప్రభుత్వం మధ్యధరా సముద్రంలో ఒక ప్రత్యేక రక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. దానికి నెలకు సుమారు 90 లక్షల యూరోలు ఖర్చయ్యేది. ఏడాది తిరిగేసరికి లక్ష మందికి పైగా మనుషులను నీటిలోంచి తీశారు. తర్వాత దాన్ని ఆపేసి, యూరోపియన్ యూనియన్ తరఫున నెలకు 29 లక్షల యూరోలతో, ప్రధానంగా సరిహద్దు కాపలా కోసం, మరో చిన్న కార్యక్రమం పెట్టారు. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు. కానీ డబ్బుకు ఒక పేరు, ఒక అంకె ఉన్నాయి కాబట్టే, ఎంత తగ్గించారో యూరపు పౌరులకు తెలిసింది, నిలదీయగలిగారు. మన దగ్గర రేపు గాలింపుకు పోయే గంటలు సగానికి తగ్గినా, బడ్జెట్టు పుస్తకంలో ఒక్క అక్షరం మారదు.

పద్దు ఏ శాఖ కింద ఉందన్నదీ చిన్న విషయం కాదు. అమెరికాలో కోస్ట్‌గార్డ్ రక్షణ శాఖ కింద కాక అంతర్గత భద్రత శాఖ కింద ఉంటుంది. 2018 డిసెంబరు చివరి నుంచి 35 రోజుల పాటు అక్కడ ప్రభుత్వ ఖర్చులకు ఆమోదం లేక ఆఫీసులు మూతపడినప్పుడు, రక్షణ శాఖ సైనికులకు జీతాలు అందాయి, కోస్ట్‌గార్డ్ సిబ్బందికి అందలేదు. వాళ్ళు జీతం లేకుండానే సముద్రంలోకి వెళ్ళి మనుషులను తెచ్చారు, వాళ్ళ కుటుంబాలు ఉచిత సరుకుల కోసం వరుసలో నిలబడ్డాయి. మన దళం రక్షణ మంత్రిత్వ శాఖ నీడలో ఉండటంలో ఆ మేరకు ఒక భద్రత ఉందని నేను ఒప్పుకుంటాను. నీడలో ఉన్నది సరిగా కనిపించదన్న ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది.

ప్రభుత్వ డబ్బే ఎందుకు, చందాలతో నడిపే దేశాలు లేవా అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. ఉన్నాయి. బ్రిటన్, ఐర్లండ్ తీరాలలో ప్రాణరక్షక పడవలు నడిపే రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ 1824లో పుట్టిన ధర్మసంస్థ. దానికి 230కి పైగా స్టేషన్లున్నాయి, సిబ్బందిలో అత్యధికులు స్వచ్ఛందంగా పనిచేసే స్థానికులు. దాని ఆదాయంలో పెద్ద భాగం, చనిపోయేవారు వీలునామాలలో రాసి వెళ్ళే సొమ్ము. 1854 నుంచి 1869 వరకు ఆ సంస్థ ప్రభుత్వ సాయం తీసుకుంది, తర్వాత వద్దనుకుని మళ్ళీ చందాల మీదే నిలబడింది. జర్మనీలో 1865 నుంచి నడుస్తున్న సంస్థ కూడా విరాళాల మీదే ఆధారపడుతుంది. చదువుతుంటే ముచ్చటేస్తుంది. అయితే బ్రిటన్, ఐర్లండ్‌లలో కూడా పిలుపు అందుకుని సమన్వయం చేసేదీ హెలికాప్టర్లను పంపేదీ ప్రభుత్వ ఖర్చుతో నడిచే కోస్ట్‌గార్డే. పైగా రెండు వందల ఏళ్ళుగా సముద్రయానంతో సంపన్నమైన సమాజం వీలునామాలో పడవ కొనిపెడుతుంది. మన దగ్గర సముద్రం మీద బతికేవాడు పేదవాడు, వీలునామా రాసేవాడు సముద్రాన్ని సెలవు రోజున బీచి రోడ్డు మీంచి చూసేవాడు. మన దానధర్మాలకు గుడి హుండీ తెలుసు, అన్నదానం తెలుసు, చలివేంద్రం కూడా తెలుసు. బంగాళాఖాతంలో ఒక ఇంజను పడవకు డీజిలు పోయించడం పుణ్యకార్యాల జాబితాలోకి ఇంకా రాలేదు.

మనకు ఇంతకంటే దగ్గర ఉదాహరణ ఉంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు మొదలైనప్పుడు దాని వెనక ఒక పారిశ్రామికవేత్త దాతృత్వం ఉంది. క్రమంగా నిర్వహణ ఖర్చులో అధిక భాగాన్ని రాష్ట్ర ప్రభుత్వం తన మీద వేసుకుంది. 2009 జనవరిలో ఆ పారిశ్రామికవేత్త కంపెనీ లెక్కల మోసం బయటపడి ఆయన జైలుకు వెళ్ళినా, రోడ్డు మీద అంబులెన్సులు ఆగిపోలేదు. బండి నడిపే డబ్బు అప్పటికే ఖజానా నుంచి వస్తోంది కాబట్టి నిర్వహణ మరొకరి చేతికి మారింది, సైరను మోగుతూనే ఉంది. ఆ సేవను మనం దేనితో కొలుస్తాం? ఫోను చేసిన ఎన్ని నిమిషాలకు బండి వచ్చిందన్నదానితో. ఎమ్మెల్యే మొదలుకొని రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దమనిషి దాకా అందరూ ఆ ఒక్క అంకె పట్టుకునే దాన్ని మెచ్చుకుంటారు, తిడతారు. నేల మీద నిమిషాల లెక్క అడగడం నేర్చుకున్న రాష్ట్రం నీటి మీద గంటల లెక్క కూడా అడగకపోవడం నాకు వింతగా తోస్తుంది. చట్టం చదివినవారికి మరో వింత తెలుసు. ఏడేళ్ళు జాడ లేని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చునని చెప్పే పాత సాక్ష్య చట్టం సెక్షను నంబరు కూడా 108. రోడ్డు మీద ప్రమాదానికి గురైనవాడికి ఒక 108, సముద్రంలో తప్పిపోయినవాడి భార్యకు ఇంకొక 108.

మత్స్యకారులకు ప్రభుత్వాలు ఏమీ ఇవ్వడం లేదని నేను అనను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేల రూపాయలకు పెరిగింది. కేంద్ర పథకం కింద ప్రమాద బీమాలో, మరణిస్తే ఐదు లక్షలు వస్తాయి. వీటన్నిటికీ పద్దులున్నాయి, లబ్ధిదారుల జాబితాలున్నాయి, బటన్ నొక్కి డబ్బు జమచేసే సభలున్నాయి. మనిషి పోయాక ఇచ్చే ఐదు లక్షలకు పక్కాగా ఒక పద్దు ఉండి, అతను పోకముందు వెతకడానికి అయ్యే ఖర్చుకు పేరు కూడా లేకపోవడమే నా అభ్యంతరం.

ఇంకో ఆక్షేపణ ఒడ్డు మీద ఎక్కువగా వినిపిస్తుంది. హెచ్చరికలు లెక్కచేయరు, లైఫ్ జాకెట్ వేసుకోరు, వాళ్ళ నిర్లక్ష్యానికి మన పన్నులా అంటారు. జాకెట్ల విషయంలో అందులో కొంత నిజముంది. వేసుకుని వల లాగడం కష్టమని దాన్ని తలకింద దిండుగా వాడే కళాసీలను నేను చూశాను. కానీ హెల్మెట్ లేనివాడు పడిపోతే అంబులెన్సు వెనక్కి తిరిగిపోదు. హెచ్చరికల సంగతికొస్తే, 2017 నవంబరు చివరలో ఓఖీ తుఫాను కేరళ, కన్యాకుమారి తీరాలను తాకినప్పుడు చాలామంది హెచ్చరిక రాకముందే లోతు వేటకు వెళ్ళి ఉన్నారు. ఒడ్డు నుంచి ఇరవై, పాతిక నాటికల్ మైళ్ళు దాటితే మామూలు వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు మాట అందదు, సెల్‌ఫోను అంతకు చాలా ముందే చచ్చిపోతుంది. వందలాది మంది చనిపోయారు, గల్లంతయ్యారు. వెతకడం చాలలేదని ఊళ్ళకు ఊళ్ళు రోడ్డెక్కాయి. చివరకు నౌకాదళం, కోస్ట్‌గార్డ్ ఓడల మీదికి స్థానిక మత్స్యకారులను ఎక్కించుకుని వెళ్ళారు. ఏ గాలికి ఏ బోటు ఎటు కొట్టుకుపోతుందో వాళ్ళకే తెలుసు కనుక.

1996లో మా వైపు బోట్లలో ఉన్నది ట్రాన్సిస్టరు రేడియో. అది ఒడ్డు మాటను బోటుకు చెప్పేది, బోటు మాట ఒడ్డుకు చేరే దారి లేదు. తర్వాత ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత యంత్రం, డాట్ అని పిలిచేది, 2010 నుంచి వాడకంలోకి వచ్చింది. నిప్పంటుకుందనో, మునిగిపోతున్నామనో, జబ్బు చేసిందనో ఒక మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా కబురు ఒడ్డుకు చేరుతుంది. అయితే తొలి రకం యంత్రంలో, కబురు అందిందో లేదో నొక్కినవాడికి తెలిసేది కాదు. చీకట్లో దేవుడికి మొక్కుకోవడం లాంటిదే. జవాబు కూడా వచ్చే రెండో తరం యంత్రం తర్వాత వచ్చింది. 2024 ఆగస్టులో దాదాపు 360 కోట్లతో లక్ష బోట్లకు, బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని ప్రధానమంత్రి మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. నా ఉద్దేశంలో ఇటీవలి సంవత్సరాలలో సముద్ర భద్రత మీద పెట్టిన అతి తెలివైన ఖర్చు ఇదే. బోటుకు 36 వేల రూపాయలు పడింది. కానీ ఉప్పుగాలికి వైర్లు తినేసిన యంత్రాన్ని మూడో ఏడాది ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నకు జవాబు మళ్ళీ ఆ వేదిక లేని ఖర్చులోనే ఉంది.

ముంబయి దాడికి ముందూ తర్వాతా తీర భద్రత పథకం కింద కేంద్రం రాష్ట్రాల మెరైన్ పోలీసులకు వేగపు బోట్లు ఇచ్చింది, రోజువారీ ఖర్చు భారం ప్రధానంగా రాష్ట్రాల మీద పడింది. ఇచ్చినవాళ్ళు ఇచ్చామన్నారు, పుచ్చుకున్నవాళ్ళు డీజిలుకు డబ్బు లేదన్నారు. చాలా చోట్ల ఆ బోట్లు మరమ్మతు లేక జెట్టీలకు కట్టేసి ఉండిపోయాయని ఆడిట్ నివేదికలు పదేపదే చెప్పాయి. రాజ్యాంగం ప్రకారం చేపల వేట రాష్ట్రాల జాబితాలో ఉంది, పన్నెండు నాటికల్ మైళ్ళ ప్రాదేశిక జలాలు దాటిన వేట కేంద్రం జాబితాలో ఉంది. మునుగుతున్న బోటు తాను ఏ జాబితాలో ఉందో చూసుకోదు. అందువల్ల నేను అడిగే పద్దు పూర్తిగా కేంద్రానిదే అయి ఉండాలి, అందులోంచి రాష్ట్రాలకు షరతుతో ఇవ్వాలి. షరతు ఒక్కటే. బోటు ఎన్ని రోజులు నడిచే స్థితిలో ఉందో చూపిస్తేనే మరుసటి విడత.

అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచినది ఆఖరికి వచ్చింది. సముద్రంలో మొదట చేరేది దాదాపు ఎప్పుడూ పక్క బోటే. మా వైపు సరంగులను, అంటే బోటు నడిపేవాళ్ళను, ఎవరిని కదిపినా అలాంటి కథ ఒకటి చెబుతారు. వల కోసి వదిలేసి వెళ్ళి మనుషులను ఎక్కించుకున్న కథ, రెండు రోజులు వేట మానుకుని తిరిగిన కథ. నాలుగేళ్ళ క్రితం కాకినాడలో ఒక సరంగు నాకు తన లెక్క విప్పి చెప్పాడు. తప్పిపోయిన ఫైబరు బోటు కోసం ఒకటిన్నర రోజు తిరిగాడు, ముగ్గురు దొరికారు. డీజిలు, కరిగిపోయిన ఐసు, పోయిన వల, రాని వేట అన్నీ కలిపి ఆ యాత్రకు యజమాని లెక్కలో నష్టం తేలింది, ఆ నష్టంలో కళాసీల వాటాలూ కోసుకున్నారు. "మళ్ళీ ఎళ్తావా మరి?" అని అడిగితే, "ఎళ్ళకపోతే రేపు నాకోసం ఎవడొస్తాడండీ" అన్నాడు. గాలింపులో మెచ్చదగిన పని చేసిన మత్స్యకారులకు జాతీయ స్థాయిలో అవార్డులిచ్చే సంప్రదాయం ఉంది, మంచిదే. అయితే అవార్డు ఏడాదికి కొద్దిమందికి దక్కుతుంది, డీజిలు ప్రతి బోటుకూ కావాలి. సమన్వయ కేంద్రం అడిగిందనో, డాట్ సంకేతం వచ్చిందనో వెళ్ళిన ప్రతి బోటుకూ ఇంధనం, పోయిన వేటకు ఒక స్థిరమైన రోజు భత్యం నెలలోపు చెల్లించే ఏర్పాటు చేస్తే, దేశంలో అతి చవకైన గాలింపు దళం తయారవుతుంది. ఉప్పాడ, భైరవపాలెం, పూడిమడక, నిజాంపట్నం వంటి చోట్ల ఊరి కుర్రాళ్ళకే శిక్షణ ఇచ్చి, చిన్న వేగపు పడవ అప్పగించి, నెలకు కొంత నిలకడ జీతమిస్తే ఒడ్డుకు దగ్గరలో మునిగే బోట్ల కోసం పెద్ద ఓడ రావలసిన పని తగ్గుతుంది. దొంగ బిల్లులు పుడతాయని భయపడేవారు ట్రాన్స్‌పాండరు గీసిన దారిని చూస్తే చాలు, ఏ బోటు ఎక్కడ తిరిగిందో అదే చెబుతుంది.

ఇవన్నీ కలిపి ఎన్ని కోట్లవుతుందో నేను అంచనా వేయను. ఇప్పుడు అవుతున్న ఖర్చే విడిగా తెలియనప్పుడు కొత్త అంకె చెప్పడం గాలిలో రాయి విసరడమే. అందుకే ఈ బడ్జెట్టు సమావేశాలకు ముందు మా నియోజకవర్గపు పార్లమెంటు సభ్యుడికి ఒక ఉత్తరం రాశాను. అందులో సలహాలు ఏవీ లేవు. సభలో అడగమని కోరిన ప్రశ్న ఒకటి మాత్రం ఉంది: "గడచిన మూడు సంవత్సరాలలో తూర్పు తీరంలో చేపల బోట్ల నుంచి అందిన ఆపద పిలుపులు ఎన్ని; ప్రతి పిలుపుకూ మొదటి సాయం చేరడానికి పట్టిన సమయం ఎంత; ఆ మొదటి సాయం ఎన్ని సందర్భాలలో మరో చేపల బోటు నుంచి అందింది; ఆ బోట్లకు చెల్లించిన మొత్తం ఎంత; ఏ పద్దు కింద?"